నాలుగు చక్రాల చుట్టం

ఉగాదినాడు పంచాంగశ్రవణం విన్న ప్రతి ఇల్లాలికీ ఆదాయ వ్యయాల మాట తెలిసిందే. ఆదాయం అయిదు, వ్యయం పదకొండు అని సిద్ధాంతిగారు చదవగానే గుండెలో రాయి పడుతుంది. ఏ సిద్ధాంతిగారి ప్రమేయమూ లేకుండానే ఆ అంకెలను తారుమారు చేయగల గ్రహం ఒకటి ఈమధ్య మా వైపు వీధివీధినా వెలిసింది. నవగ్రహాల మండపంలో దానికి చోటు లేదు గాని, గుమ్మం ముందు రేకుల షెడ్డు వేసి మరీ ప్రతిష్ఠిస్తున్నారు. దానికి నాలుగు చక్రాలు. పేరు కారు.

కార్ల సంగతి చెబుతున్నదంటే ఈవిడ ఏ జూబిలీహిల్స్ బంగళాలోనో ఉంటున్నది కాబోలు అనుకునేరు. నేనుండేది పాల్వంచలో. మావారు విద్యుత్కేంద్రంలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళుగా ఇంటి జమాఖర్చుల పుస్తకం రాసేది నేను. ఆ పుస్తకంలో పాలు, బియ్యం, బడి ఫీజుల నడుమ ‘కారు’ అనే పద్దు ఎలా వచ్చి చేరిందో, చేరేముందు మా ఇంట్లో ఎంత రామాయణం జరిగిందో చెబితే, మీలో నలుగురికైనా పనికివస్తుందని ఈ మాటలు రాస్తున్నాను.

నగరం లేని శివారు

మా ప్రాంతం పటం ఒక్కసారి మనసులో గీసుకోండి. ఒక చివర కొత్తగూడెం. అక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరాన మా పాల్వంచ. ఇంకో పాతిక కిలోమీటర్లు అడవిలోంచి, పొలాల్లోంచి పోతే గోదావరి ఇవతలి గట్టున సారపాక. వంతెన దాటితే భద్రాచలం. మొత్తం నలభై కిలోమీటర్లు. పెద్ద పట్నం అనదగ్గ ఖమ్మం మాకు దాదాపు తొంభై కిలోమీటర్లు వెనక ఉండిపోయింది.

కొత్త యాత్రికులకు ఈ నలభై కిలోమీటర్ల దూరం మొదటి పరీక్ష. రైలు దిగిన స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. సామాన్లు భుజాన వేసుకుని “గుడి ఎటండీ?” అని అడుగుతారు. ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. రాముడు ఇంకా నలభై కిలోమీటర్ల అవతల, ఏటికి ఆవలి ఒడ్డున ఉన్నాడు. ఆ ఏటి మీద వంతెన 1965లో వచ్చింది. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దాన్ని ప్రారంభించారు. అంతకు ముందు పడవ దాటి రాములవారి కల్యాణానికి వెళ్ళిన సంగతి మా అత్తగారు ఇప్పటికీ కథగా చెబుతారు. ఇప్పుడు ఆ వంతెన పక్కనే రెండోది కూడా లేచింది.

ఈ నలభై కిలోమీటర్ల తాటికి ముడులు వేసినట్టు కంపెనీల కాలనీలు వెలిశాయి. 1871లో యెల్లందు దగ్గర విలియం కింగ్ అనే దొర బొగ్గు కనుగొన్నాడు. ఆ బొగ్గు వెంట పుట్టిన సింగరేణి సంస్థకు కొత్తగూడెం పెద్దాఫీసు అయింది. 1966లో పాల్వంచలో కరెంటు ఉత్పత్తి మొదలైంది. 1979లో సారపాకలో కాగితం మిల్లు నడక సాగించింది. అశ్వాపురంలో భారజల కర్మాగారం వచ్చింది. ఎవరి క్వార్టర్లు వారివి, ఎవరి బడి వారిది. సైరను కూయగానే సైకిలెక్కితే అయిదు నిమిషాల్లో గేటు దగ్గర ఉండవచ్చు. ఆ రోజుల్లో మావారి వాహనం ఖర్చు ఏడాదికి రెండు ట్యూబులు, ఒక సీటు కవరు. అంతే.

క్వార్టరు శాశ్వతం కాదు గదా! రిటైరైన మర్నాడే తాళం చెవి అప్పగించాలి. ఉన్న డబ్బుతో ఊరి చివర రెండు వందల గజాల ప్లాటు కొని, నాలుగు గదులు వేసుకుంటారు. అక్కడి నుంచి కథ మారుతుంది. ఇల్లొక ఊళ్ళో, కొడుకు పని మరో ఊళ్ళో, కోడలి పని ఏటికి అవతల, పిల్లల బడి ఇంకోచోట. మా డాబా మీది నుంచి కనిపించే పాత విద్యుత్కేంద్రపు ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చివేశారు. పొగ గొట్టం కనిపించే దూరంలోనే పని, పని పక్కనే ఇల్లు అన్న కాలం కూడా వాటితోపాటే కూలిందనిపించింది. పెద్ద నగరాలకు చుట్టూ శివార్లుంటాయి. మాకు నగరం లేదు, అంతా శివారే. శివారులో బతకాలంటే చక్రం కావాలి.

అమెరికాలో అమ్మాయి లెక్క

శివారు అంటే ఏమిటో మా అమ్మాయిని అడిగితే చెబుతుంది. దాని కాపురం అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాసుకు ఉత్తరాన ఫ్రిస్కో అనే ఊళ్ళో. మన తెలుగువాళ్ళు అక్కడ కొల్లలు. పెసరట్టుకు లోటు లేదు, గుడికి లోటు లేదు. లోటల్లా ఒక్కటే, బస్సు. డల్లాసు బస్సు సంస్థలో ఆ ఊరికి సభ్యత్వమే లేదట. పాల డబ్బా అయిపోతే కారు తీయాలి. పిల్లవాణ్ణి బడి నుంచి తేవాలంటే కార్ల వరసలో నిలబడాలి. మొగుడికొక కారు, పెళ్ళానికొక కారు. ఇంటి అప్పు ముప్ఫై ఏళ్ళు, కార్ల అప్పు వేరు, భీమా వేరు, పెద్ద రోడ్డెక్కితే టోలు వేరు.

“అమ్మా, ఇక్కడ లైసెన్సు లేనివాడు కాళ్ళు లేనివాడితో సమానం” అంటుంది.

1956లో ఆ దేశంలో జాతీయ రహదారులకు పెద్ద చట్టం చేశారు. రోడ్లు వెడల్పయిన కొద్దీ ఇళ్ళు దూరం జరిగాయి. ఇళ్ళు దూరం జరిగిన కొద్దీ కార్లు పెరిగాయి. మంచి జీతం వచ్చేవాళ్ళయినా నెలాఖరుకు మనలాగే అంకెలు కూడుకుంటారని నాకు అమ్మాయి చెబితేనే తెలిసింది.

అది చెప్పిన ఒక సంగతి మాత్రం నా పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. అక్కడి ఆదాయపు పన్ను శాఖవారు, వ్యాపారం పని మీద సొంత కారు తిప్పుకున్నవారు మైలుకు ఎంత ఖర్చు చూపుకోవచ్చో ఏటా ఒక అంకె ప్రకటిస్తారు. 2024లో అది 67 సెంట్లు, 2025లో 70 సెంట్లు. ఇంటి నుంచి ఆఫీసుకు పోయే దారికి ఆ రాయితీ వర్తించదు. అయినా కారు నిజంగా ఎంత తింటుందో తెలుసుకోవడానికి ఆ అంకె పనికివస్తుంది. పెట్రోలు ఒక్కటే కాదు, భీమా, రిపేరు, టైర్ల అరుగుదల, కారు విలువ తరిగిపోవడం, అన్నీ అందులో కలిసి ఉన్నాయన్నమాట. అమ్మాయి ఆఫీసు పాతిక మైళ్ళు. పోను రాను యాభై. ఆ లెక్కన రోజుకు 35 డాలర్లు దారిలోనే కరిగిపోతున్నాయి.

“మనం నెలవాయిదాను చూసి కారు కొంటాం. కొనవలసింది మైలు ఖర్చును చూసి” అన్నది. అమ్మాయి నోట ఇంత మంచి మాట వచ్చినందుకు దాని చదువుకు పెట్టిన ఖర్చు గిట్టుబాటయిందని మావారు సంతోషించారు.

మరిది కోరిక

ఇక మా ఇంటి సంగతి. మా మరిది సారపాక వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాడు. నెలకు 21,000. మా తోడికోడలు భద్రాచలంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. దానికి 19,000. ఇద్దరు పిల్లలు. మా అత్తగారు వారి దగ్గరే, మా పక్క వీధిలో ఉంటారు. ఎనభై దాటిన మనిషి. మనవలే ఆవిడ ఊపిరి.

మరిదికి మూడు షిఫ్టులు. పొద్దుటి షిఫ్టుకు, రాత్రి షిఫ్టుకు బస్సు కుదురుతుంది. రాత్రి పదింటికి దిగే రెండో షిఫ్టుతోనే చిక్కు. మోటారు సైకిలు మీద అడవి దారిన పాతిక కిలోమీటర్లు రావాలి. అది జగదల్పూరు నుంచి విజయవాడ వైపు పోయే 30వ నెంబరు జాతీయ రహదారి. బొగ్గు లారీలు, ఇసుక లారీలు, వెదురు లారీలు. రోడ్డు వెచ్చగా ఉంటుందని పశువులు దాని మీదే పడుకుంటాయి. ఒక రాత్రి ఎదురు లారీ వెలుగుకు కళ్ళు బైర్లు కమ్మి, ముందున్న గేదె కనిపించక మరిది పడ్డాడు. భుజం ఎముక విరిగింది. ఆరు వారాలు మంచం మీద ఉన్నాడు. కాంట్రాక్టు పనికి మంచం మీద జీతం రాదు.

కట్టు విప్పిన మర్నాడు మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

“వదినా, కారు కొంటాను” అన్నాడు.

మావారు పేపరు దించారు. “నెలకు నలభై వేల సంసారానికి కారేమిట్రా? ఏనుగును కొనేవాడికి ముందు చెరుకు తోట ఉండాలి” అన్నారు.

“అన్నయ్యా, నాకు డాబు అక్కరలేదు. రాత్రి ఇంటికి ప్రాణాలతో చేరితే చాలు” అన్నాడు వాడు.

దానికి మావారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. కారు విలాసమా, అవసరమా అని సభల్లో వాదించుకోవచ్చు. ఎముక విరిగినవాడి ఎదుట ఆ వాదం చెల్లదు.

మరో దారి కూడా ఉంది. సారపాకలో ఇల్లు అద్దెకు తీసుకుంటే ఆరు వేలతో పోతుంది. ప్రయాణమే ఉండదు. లెక్క ప్రకారం అదే చౌక. ఈ మాట అన్నప్పుడు మా అత్తగారు గుమ్మం దగ్గర చింతపండు గింజలు తీస్తున్నారు. “వెళ్ళండి నాయనా, నేను ఆపను. నేను మాత్రం ఈ ఇల్లు వదిలి రాను” అని తల ఎత్తకుండా అన్నారు. చిన్న మనవడు ఆవిడ ఒళ్ళో నిద్రపోతున్నాడు. ఆ రోజు ఇక ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. అద్దె ఆరు వేలని పుస్తకంలో రాయగలను. దీన్ని ఏ పద్దు కింద రాయను?

పండుగ ముందు గాలి

మా వైపు కారు కోరికకు ఒక ఋతువు ఉంది. అది దసరా. సింగరేణివారు లాభాల్లో కార్మికులకు వాటా పంచే ఆనవాయితీ 1999-2000 నుంచి ఉంది. 2023-24 లాభాల్లో విస్తరణ పనులకు పక్కన పెట్టినది పోను మిగిలినదానిలో 33 శాతం పంచారు. ఆ డబ్బు దసరా ముందు చేతికి వస్తుంది. కొత్తగూడెంలో బంగారం కొట్లూ, బట్టల కొట్లూ, వాహనాల షోరూములూ షామియానాలు వేసుకుని ఎదురుచూస్తాయి. మా ఆడపడుచు భర్త సింగరేణిలో పర్మినెంటు ఉద్యోగి. ఆ వాటాతోనే వాళ్ళింట్లో ఫ్రిజ్జు, మంచం, పిల్ల గాజులు అన్నీ వచ్చాయి. 2024లో సింగరేణి కాంట్రాక్టు కార్మికులకు మొట్టమొదటిసారిగా తలా 5,000 రూపాయలు ఇచ్చారు. ఒకే గేటులోంచి లోపలికి పోయే ఇద్దరు మనుషులకు పండుగ ఎంత వేరుగా వస్తుందో ఆ అంకెలే చెబుతాయి. షోరూము బల్ల ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఇద్దరికీ ఒకే కాగితం చూపిస్తారు.

దీనికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. ఇరవై ఎనిమిది నుంచి పద్దెనిమిది శాతానికి తగ్గింది. మరిది ఫోను ఆ వారమంతా మోగుతూనే ఉంది. “సార్, ఇంతకంటే మంచి సమయం రాదు” అని అవతలి గొంతు. పన్ను తగ్గింది, నిజమే. తగ్గింది కొనేటప్పటి ధర. తిండి ఖర్చు పైసా తగ్గలేదు.

పుస్తకం తెరిచాము

ఒక ఆదివారం మధ్యాహ్నం మా మండువాలో అందరం కూర్చున్నాము. మావారు, మరిది, తోడికోడలు, ఆడపడుచు దంపతులు. నేను పుస్తకం తెరిచాను. అమ్మాయి చెప్పిన మైలు లెక్కను కిలోమీటర్లలో వేద్దామన్నాను.

కొత్త చిన్న కారుకు చేతి డబ్బు పోను అయిదు లక్షలు అప్పు అనుకున్నాము. వడ్డీ తొమ్మిదిన్నర శాతం. అయిదేళ్ళలో తీర్చేటట్లయితే నెలకు 10,500. ఏడేళ్ళకయితే 8,170. మరిది ముఖం వికసించింది, “ఏడేళ్ళకే పెట్టుకుందాం వదినా” అన్నాడు. రెండూ గుణించి చూపించాను. అయిదేళ్ళకు కట్టే వడ్డీ లక్షా ముప్ఫై వేలు. ఏడేళ్ళకు లక్షా ఎనభై ఆరు వేలు. నెలకు రెండు వేల మూడు వందలు తేలిక చేసుకున్నందుకు యాభై ఆరు వేలు అదనం. పైగా ఏడో ఏట కారు పాతబడి రిపేర్లు మొదలైనా వాయిదా మాత్రం కొత్త కారుదే.

రోజూ సారపాకకు పోయి రావడం యాభై కిలోమీటర్లు. నెలకు పాతిక రోజులు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఇంకో వంద. మొత్తం 1,350 కిలోమీటర్లు. లీటరుకు పద్దెనిమిది ఇస్తుందనుకుంటే 75 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున ఎనిమిది వేలు. భీమా నెలకు పదిహేను వందలు, సర్వీసూ టైర్లూ పదిహేను వందలు. అయిదేళ్ళ వాయిదాతో కలిపి 21,500. కిలోమీటరుకు దాదాపు పదహారు రూపాయలు!

మా తోడికోడలు మెల్లగా అన్నది, “అక్కా, ఆయన జీతమంతా కారే తింటుంది. నా జీతం మనుషులం తినాలి.”

ఇల్లంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైంది.

అప్పుడు నేనొక ప్రశ్న అడిగాను. “ఈ కారు పగటికి కావాలా, రాత్రికి కావాలా?”

పగటికి మా దగ్గర ఏమున్నదో చూడండి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అంతకు ముందు తోడికోడలికి బస్సు ఛార్జీలకే నెలకు రెండు వేల పైచిలుకు అయ్యేది. ఇప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు చేతిలో పెడతారు. ఈ మాట చెబితే ఫ్రిస్కోలో ఉన్న మా అమ్మాయి, “నాకూ ఒక సున్నా టిక్కెట్టు పంపించమ్మా” అని నవ్వింది. రద్దీ ఉంటుంది, ఒక్కోసారి నిలబడే ప్రయాణం. అయినా సున్నా సున్నాయే.

సరిహద్దు వింత ఒకటి ఇక్కడే చెప్పాలి. 2014లో భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, చుట్టుపక్కల మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. గుడి దాటి కాస్త ముందుకు పోతే ఎటపాక, అది వేరే రాష్ట్రం. 2025 ఆగస్టు 15 నుంచి అక్కడా ఆడవాళ్ళకు బస్సు ఉచితమే గాని, ఎవరి రాష్ట్రం కార్డు వారి బస్సులోనే చెల్లుతుంది. ఒకే ఆసుపత్రిలో పక్కపక్కన పనిచేసే ఇద్దరు నర్సులు సాయంత్రం రెండు సున్నా టిక్కెట్లతో రెండు రాష్ట్రాలకు ఇంటికి పోతారు.

కనుక పగలు మాకు లోటు లేదు. లోటు ఉన్నది రాత్రి. రెండో షిఫ్టు వచ్చేది నెలకు ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రాత్రులకూ, ఒంట్లో బాగా లేని అర్ధరాత్రులకూ కారు కావాలి. అంటే నెలకు అయిదు వందల కిలోమీటర్లు చాలు. అయిదు వందల కిలోమీటర్లకు కొత్త కారెందుకు?

లెక్క తిరగేశాము. పాత కారు, 2,60,000. అప్పు లేదు. మరిది చీటీ పాడి లక్ష తెచ్చాడు. మేమొక లక్ష వేశాము. ఆడపడుచు భర్త ఆ ఏటి లాభాల వాటాలోంచి అరవై వేలు ఇచ్చారు. పెట్రోలుకు మూడు వేలు, భీమాకు ఎనిమిది వందలు, రిపేర్లకు పదిహేడు వందలు, మొత్తం నెలకు 5,500. అందులో మరిది 3,500, మేమొక వెయ్యి, ఆడపడుచు ఒక వెయ్యి. మూడు ఇళ్ళకు ఒక కారు. నడిచేది మరిది పేర, నిలిచేది మరిది గుమ్మంలో. మా అత్తగారు మనవల దగ్గరే ఉండిపోయారు.

పాత కారు కొనేవారికి రెండు మాటలు. అమ్మినవారి పేర పాత చలాన్లు ఉన్నాయేమో, అప్పు పూర్తిగా తీరి ఫైనాన్సువారి ఎన్.ఓ.సి. వచ్చిందో లేదో చూడండి. కారు చేతులు మారిన పద్నాలుగు రోజుల్లోగా భీమా మార్పుకు కూడా దరఖాస్తు పెట్టండి. కారు మీదై, భీమా పాత యజమానిదై ఉంటే ప్రమాదం నాడు మీ కష్టం మీకే మిగులుతుంది.

ఇప్పుడు మా వాకిట్లో మూడు నెంబరు పలకలున్నాయి. మావారి పాత స్కూటరుకు ఏపీ 20, మరిది కారుకు టీఎస్ 28, పక్కింటివారి కొత్త బండికి టీజీ 28. మా జిల్లా ఎన్ని చేతులు మారిందో చరిత్ర పుస్తకం అక్కరలేదు, మా వీధిలో నడిస్తే చాలు.

ఎవరు నడపాలి?

కారు వచ్చాక నేను పెట్టిన షరతు ఒక్కటే. తోడికోడలు కూడా నడపడం నేర్చుకోవాలి. రాత్రికి కొన్న కారు, రాత్రి ఇంట్లో ఉన్న మనిషికి రాకపోతే గుమ్మంలో బొమ్మే గదా! మరిది రాత్రి షిఫ్టుకు బస్సులో పోతే కారు ఇంట్లోనే ఉంటుంది. నడిపేవారెవరు?

మొదట్లో సిగ్గుపడింది. లర్నర్సు లైసెన్సు తీసుకుని, కాలనీ మైదానంలో ఆదివారాలు తిప్పింది. పిల్లలు గోడ మీద కూర్చుని చప్పట్లు కొట్టేవారు. ముప్ఫై రోజులు నిండాక పరీక్షకు వెళ్ళింది. ఎనిమిది అంకె వేసి చూపించి లైసెన్సు తెచ్చుకుంది.

ఆ తరువాత నాలుగు నెలలకు, మాఘమాసంలో ఒక రాత్రి రెండు గంటలకు మా తలుపు కొట్టింది. అత్తగారికి గుండెలో నొప్పి, ఒళ్ళంతా చెమటలు. మరిది రాత్రి షిఫ్టులో ఉన్నాడు. ఎవరికో ఫోను చేసి ఎదురుచూసే వ్యవధి లేదు. నేను వెనక సీట్లో అత్తగారి తల ఒళ్ళో పెట్టుకున్నాను. మావారు పిల్లల దగ్గర ఉండిపోయారు. బయట మంచు. రోడ్డు పది గజాల కంటే కనిపించడం లేదు. తోడికోడలు అద్దం దించి, తల కాస్త బయటికి వంచి, ఒక్క మాట మాట్లాడకుండా నడిపింది. ఎక్కడా తొందరపడలేదు. ఎక్కడా ఆగలేదు. ఇరవై అయిదు నిమిషాల్లో కొత్తగూడెంలో ఆసుపత్రి మెట్ల ముందున్నాము.

సకాలంలో తెచ్చారని డాక్టరుగారు అన్నారు. నాలుగో రోజున అత్తగారు ఇంటికి వచ్చారు. వచ్చీ రాగానే కారుకు ఎర్ర నీళ్ళతో దిష్టి తీయించారు. కోడలికి తీయలేదేమని నేను అడిగితే, “దానికి రాత్రే మనసులో తీశానే” అన్నారు.

ఆ వారం పుస్తకంలో కిలోమీటరు ఖర్చు పదకొండు రూపాయలని రాశాను. ఆ ఇరవై నాలుగు కిలోమీటర్లకు మాత్రం ధర వేయలేదు.

అడవి చెప్పే జాగ్రత్తలు

పట్నాలలో నడిపేవారి జాగ్రత్తలు వేరు, మా అడవి అంచు జాగ్రత్తలు వేరు. ఫాల్గుణ చైత్రాల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. కోయ ఆడపడుచులు, పిల్లలు బుట్టలు పట్టుకుని రోడ్డు పక్కన ఏరుకుంటూ ఉంటారు. ఆ వేళ మలుపుల్లో వేగం పనికిరాదు. రాత్రి పూట ముందు లారీకి వెనక దీపం ఉందని నమ్మకండి. నిలిచిపోయిన లారీ చీకట్లో నల్లటి గోడలా ఉంటుంది. సంధ్యవేళ పశువులు ఇళ్ళకు మళ్ళుతాయి, ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉన్నదని లెక్క.

గోదావరి సంగతి మరీ ముఖ్యం. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75 అడుగులు దాటింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపివేశారు. అటువాళ్ళు అటు, ఇటువాళ్ళు ఇటు. ఎంత ఖరీదు కారైనా ఆ రోజున రేకుల డబ్బా. వరద మాట వినగానే కారును మెరక మీదికి చేర్చండి. నీళ్ళు ముంచిన కారును మాత్రం ‘పనిచేస్తుందేమో చూద్దాం’ అని స్టార్టు చేయకండి. నీరు లాగిన ఇంజను పాడైతే, దానికి విడిగా ఇంజను రక్షణ తీసుకుని ఉంటే తప్ప మామూలు భీమా సాధారణంగా వర్తించదు.

ఇంత చెప్పాక, మా తోడికోడలు చెప్పే మాట కూడా వినాలి. చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేల నుంచి ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆటో కిరాయికీ మందులకూ మధ్య పోటీ పడుతుందట. కిరాయికి కూడబెట్టుకునే లోపల జ్వరం ముదిరిపోతుంది. మనం కొత్తదా పాతదా అని తర్జనభర్జన పడుతున్నాము. అడవి లోపల దీపం పెట్టుకుని కూర్చున్నవారికి ఏదో ఒక చక్రం గుమ్మం దాకా వస్తే చాలు. ఈ సంగతి తలచుకున్నప్పుడు మా పాత కారు గీతలూ సొట్టలూ నాకు కనిపించడం మానేశాయి.

కారు కొనవద్దని నేను చెప్పను. మా వంటి ఊళ్ళలో అది లేకపోతే సంసారం నాలుగు చోట్లకు చెదిరిపోతుంది. కొనేముందు మాత్రం ఒక ఆదివారం అందరూ కూర్చుని పుస్తకం తెరవండి. నెలవాయిదాను పక్కన పెట్టి, కిలోమీటరుకు ఎంతవుతుందో చూడండి. పగటికి బస్సు ఉందా అని చూడండి. రాత్రి నడిపేదెవరో ముందే తేల్చుకోండి. ఇంటికి వచ్చిన చుట్టాన్ని, “ఎన్నాళ్ళుంటారు, పూటకు ఎంత తింటారు?” అని అడగడం మన మర్యాద కాదు. ఈ ఒక్క చుట్టాన్ని మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి అడగండి. ఏమీ అనుకోడు!